సిగ్నల్ తట్ట

సత్యకుమారి బండ దగ్గరికి రావడం మానేసింది. పనసగుడలో ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది దేముడమ్మే.

పనసగుడ అరకులోయ నుంచి జీపులో కొండెక్కితే వచ్చే ఊరు. ఇంటింటికీ ఫోనుంది గానీ ఇంట్లో ఒక్క ఫోనూ పలకదు. పలకాలంటే కాఫీ తోట దాటి, గెడ్డలో పారే నీళ్లు దాటి, ఏటవాలు నల్లబండ ఎక్కాలి. దాన్ని సిగ్నల్ బండ అంటారు. సాయంత్రమయ్యేసరికి ఊరి ఆడవాళ్లందరూ అక్కడ చేరి, ఒకళ్ల మాటలు ఒకళ్లు వింటూ, విననట్టు ముఖాలు పెట్టుకుని, దూరాన ఉన్న తమవాళ్లతో మాట్లాడుకుంటారు.

దేముడమ్మ భర్త పైడయ్య డొంకరాయి డ్యామ్ దగ్గర వాచ్‌మన్. వాన కాస్త గట్టిగా పడితే చాలు, డ్యామ్ తెగిందేమోనని ఆమె గుండె జారిపోతుంది. తడుస్తూ బండెక్కి, అవతల నుంచి ఆయన "ఊ" అనేదాకా ఫోను చెవి నుంచి తియ్యదు. వాన పడకపోతే ఆయన్ని పాము కరిచిందేమోనని భయం. ఇక కొడుకు ఫల్గుణ టూరిస్టులకి జీపు నడుపుతాడు. ఆ జీపుకి ఎడంపక్క అద్దం ఊడి నెల దాటింది. కొత్తది వేయించరా, ఆ ఘాట్ రోడ్డు మీద వెనకొచ్చే లారీ కనపడదురా అని రోజూ మొత్తుకుంటోంది. వాడు నవ్వేసి ఊరుకుంటాడు. అద్దం లేని ఆ జీపు లోయలో పడిపోయినట్టు ఆమెకి ఎన్నిసార్లు కలొచ్చిందో లెక్కలేదు.

సత్యకుమారి ఆమెకి తోడికోడలు. రెండిళ్లకీ నడుమ ఉన్నది ఒకటే మట్టిగోడ. మరిది చనిపోయినప్పుడు దేముడమ్మ ఆ పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధమేమీ లేదు. సత్యకుమారి కష్టంలో ఉన్నంతకాలం దేముడమ్మకి ఆమె మీద ప్రేమే. అయితే సత్యకుమారి కొడుకు సురేంద్రకి విశాఖపట్నం పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఫల్గుణ టెన్త్ దగ్గరే ఆగిపోయాడు. అప్పటి నుంచి ఆ మట్టిగోడకి అవతలున్న ప్రతి నవ్వూ దేముడమ్మకి తనను చూసి నవ్వినట్టే వినిపిస్తోంది.

అలాంటి సత్యకుమారి వారం రోజులుగా బండ దగ్గర కనపడలేదు. జ్వరమేమో అనుకుంది దేముడమ్మ. మలేరియా అయితే తనకీ అంటుతుందేమోనని కూడా అనుకుంది. తీరా చూస్తే ఒక సాయంత్రం గోడ అవతల నుంచి సురేంద్ర గొంతు వినపడింది. వాడు విశాఖపట్నంలో ఉన్నాడు కదా అని పెరట్లోకి వెళ్లి కంచె సందులోంచి చూసింది. వెనక కిటికీలో వెదురు తట్ట ఒకటి నిలువుగా నిలబెట్టి ఉంది. వెదురు బద్దల మధ్య సన్నటి రాగి తీగ అల్లి ఉంది. తట్ట నడుమ, సాలెగూటిలో సాలీడులా, ఫోను. సత్యకుమారి పీట మీద కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, కొడుకుతో తాపీగా మాట్లాడుతోంది.

దేముడమ్మకి కడుపులో కారం పోసినట్టయింది. ఇంట్లో కూర్చుని. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ. తను మాత్రం జలగలు పీకుకుంటూ బండెక్కాలి.

మర్నాడు ఉప్పు అప్పడిగే వంకతో వెళ్లి కదిపింది. సత్యకుమారి ముందు ఏమీ లేదంది. తర్వాత నోరు ఆపుకోలేక చెప్పేసింది. సురేంద్రే చేశాడట. తట్టని కొండ అవతలి టవరు వైపు తిప్పి పెడితే చెదిరిపోయే సిగ్నల్ని పోగు చేసి ఫోనుకి అందిస్తుందట. వాళ్ల కాలేజీలో సర్వేశ్వరరావు సారు చూసి, దీనికి పేటెంటు తీసుకోవచ్చన్నారట. పేటెంటంటే ఏమిటని దేముడమ్మ అడిగింది. ఈ వస్తువు ముందుగా పుట్టించింది ఫలానావాళ్లేనని గవర్నమెంటు రాసిచ్చేది, వాళ్లని అడక్కుండా ఇంకెవరూ చేసి అమ్మడానికి లేదు అని సత్యకుమారి కొడుకు దగ్గర నేర్చుకున్న మాటలు ఒక్కోటీ ఏరి చెప్పింది. దరఖాస్తు ఇంకా వెయ్యలేదట. వేసేదాకా తట్టని ఎవరికీ చూపించకూడదని, ఫొటో కూడా తియ్యనివ్వకూడదని సారు గట్టిగా చెప్పారట.

"నువ్వు బయటిదానివా అక్కా, నీకు సెప్పకుండా ఎవులికి సెప్తాను" అంటూ సత్యకుమారి ఉప్పు పొట్లం చేతిలో పెట్టింది.

ఆ ఉప్పుతో వండిన కూర దేముడమ్మకి సహించలేదు.

అసలా రోజు నుంచి ఆమెకి ఇంట్లో వస్తువులేవీ మామూలుగా కనపడలేదు. పొయ్యి దగ్గర గ్యాస్ లైటరు, కుక్కరు మీద విజిల్, ఫ్లాస్కు మూత, నొక్కితే వెలిగే టార్చి. ఇవన్నీ ఎవడో ఒకడు ముందుగా పుట్టించి పేరు రాయించుకున్నవేనట. అంటే వీటన్నిటి వెనకా ఒక్కో తల్లి ఉండే ఉంటుంది. ఆ తల్లి ఏదో ఒక ఊళ్లో పీట మీద కూర్చుని, నా కొడుకు చేశాడని చెప్పుకునే ఉంటుంది. ఆ పక్కింట్లో ఇంకో తల్లి ఉప్పు పొట్లం పట్టుకుని నిలబడే ఉంటుంది. లైటరు నొక్కినప్పుడల్లా దేముడమ్మకి ఆ రెండో తల్లే గుర్తొచ్చేది. పేటెంటొస్తే సురేంద్ర ఫొటో పేపర్లో వేస్తారు. పిల్లనిచ్చేవాళ్లు అవతలి గడపే తొక్కుతారు. తన ఫల్గుణ అద్దం లేని జీపులో ఆ పెళ్లివారిని మోసుకొస్తాడు. తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. పట్టినా ఆ జీపు కల వచ్చేది.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ ఓర్వలేనితనానికి భయం తోడైంది. ఆ తట్టలోంచి వచ్చే తరంగాలేవో గోడలోంచి తమ ఇంట్లోకి వస్తున్నాయేమో. కోడిపెట్ట గుడ్లు మానేసింది. తనకి తలనొప్పి. అది నిజంగా భయమో, భయమనే పేరు పెట్టుకున్న కడుపుమంటో ఆమెకే తెలీలేదు. తిన్నగా ఊరిపెద్ద సుక్రు దగ్గరికి వెళ్లింది.

పనసగుడలో ఒక కట్టుబాటుంది. మామిడి కాసినా, కొర్ర పండినా, ఊరంతా కలిసి దేవతకి పెట్టి కొత్త పండగ చేసేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. కొత్త నాడు గడపకొకరు గుప్పెడు గింజలు ఆకులో తెచ్చి ఒకే కుండలో వెయ్యాలి. ఒక్క గడప రాకపోయినా ఆ రోజు కొత్త లేదు, మళ్లీ సంత రోజు దాకా ఆగాల్సిందే. కిందటేడు ఒక ఇంటివాళ్లు గొడవపడి రాకపోతే ఊరంతా చెట్ల నిండా మామిడికాయలు చూస్తూ కూర్చుంది. గింజలకే కాదు, ఊళ్లోకి మొదటి టీవీ వచ్చినా, మొదటి మోటారుసైకిలు వచ్చినా దేవత రాయి ముందు పెట్టి, పసుపు రాసి, అందరూ చేత్తో తాకాకే వాడుకున్నారు.

దేముడమ్మ సుక్రుకి గుర్తుచేసింది ఆ సంగతే. ఊరికి తెలీని వస్తువొకటి ఆ ఇంట్లో పని చేస్తోంది, దేవతకి చూపించలేదు, ఊరు తాకలేదు, నా ఇంటికీ దానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ, రేపు ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అంది. సుక్రు నిదానమైన మనిషి. ఆలోచించి, నాలుగు రోజుల్లో కొర్ర కొత్త ఉంది కదా, ఆ తట్టని కూడా అక్కడే పెట్టి అందరికీ చూపించమందాం అన్నాడు.

సత్యకుమారి ఏడుస్తుంది, బతిమాలుతుంది, దాచిపెట్టినందుకు ఊరి ముందు తల దించుకుంటుంది అనుకుంది దేముడమ్మ. జరిగింది వేరు. సుక్రు కబురు విని సత్యకుమారి ముఖం విప్పారిపోయింది. నోరు మూసుకుని ఉండలేక ఎన్నాళ్లుగా ఉక్కిరిబిక్కిరవుతోందో ఏమో, ఊరే చూపించమన్నాక నేను కాదనకూడదు కదా అని, కొత్త చీర తీసి ఎండలో వేసింది. గడప గడపకీ వెళ్లి పిలిచింది కూడా. అరకులో హోమ్‌స్టే నడిపే తన పిన్ని కూతురు రమణికి, నీ దగ్గర దిగిన టూరిస్టుల్ని తీసుకురా, మంచి ఫోన్లుంటాయి, వీడియో తీస్తారు అని చెప్పింది. సారు చెప్పిన మాట ఆ సంబరంలో ఎక్కడో జారిపోయింది.

తను తవ్విన గోతిలో సత్యకుమారి దిగి, అందులోనే సింహాసనం వేసుకుని కూర్చున్నట్టు తోచింది దేముడమ్మకి.

కొత్తకి ముందురోజు మధ్యాహ్నం ఫల్గుణ జీపు దిగి, కాళ్లయినా కడుక్కోకుండా లోపలికొచ్చాడు.

"అమ్మా, రేపు ఆ తట్టని ఊరికి సూపిత్తారటేటి?"

అవునంది. ఊరి మాట కదా అంది. వాడు గడప మీద కూలబడ్డాడు.

"అయితే పోయినట్టే. సురేంద్రది పోయింది, నాదీ పోయింది."

"నీదేటిరా పోయింది?"

 ఫల్గుణ ఒక్కొక్కటే చెప్పాడు. తట్ట అల్లింది సురేంద్రే. కానీ గాలికి తట్ట రవ్వంత కదిలినా సిగ్నల్ పోయేది. ఎటు తిప్పితే అటు తిరిగి, తిప్పినచోట బిగుసుకుని నిలబడేలా దాని వెనక కీలు పెట్టింది ఫల్గుణ. ఆ కీలు జీపు ఎడంపక్క అద్దం మెడ. సారు ఆ కీలు చూశాకే ఇది పేటెంటుకి పనికొస్తుందన్నారు. దరఖాస్తులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అది ఇంకా ఆఫీసుకి చేరలేదు. చేరేలోపు ఊరందరి ముందూ పెడితే, ఫోన్లలోకెక్కితే, అందరికీ తెలిసిపోయినదానికి పేటెంటు ఇవ్వరు.

దేముడమ్మకి మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు. లేచి వెళ్లి ఆ మట్టిగోడ మీద గట్టిగా కొట్టి, విన్నావా, నా కొడుకు పేరు కూడా ఉంది అని అరవాలనిపించింది. ఆ సంతోషం ఊపిరి పీల్చుకునేంతసేపు నిలిచింది. వెంటనే రేపటి కొత్త గుర్తొచ్చింది.

"నాకెందుకు సెప్పలేదురా?"

"సెప్తే నువ్వు బండెక్కి నాన్నకి సెప్తావు. నాన్నకి సెప్పడమంటే ఊరికి సెప్పడమే కదా. ఆపైన, పోలీసులొత్తారేమో, నా కొడుకుని జైల్లో పెడతారేమో అని అన్నం మానేత్తావు."

"మరి మీ పిన్నికి తెలుసా?"

"తెలీదు. తెలిత్తే నా కొడుకు కష్టంలో వాటా ఏటని గోల సేత్తాదని సురేంద్ర భయం. పేటెంటు సేతికొచ్చినాక ఇద్దరు తల్లులకీ ఒకేసారి సెప్దామనుకున్నాం. సురేంద్ర వద్దన్నా పిన్ని ఇంకాగదు, గడప గడపకీ పిలిసేసింది. ఇప్పుడు నేనెల్లి సుక్రు తాతకి అంతా సెప్పేత్తాను."

వాడు లేచాడు. దేముడమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. వీడెళ్లి చెబితే, తట్టని కొత్తకి పెట్టమన్నది మీ అమ్మే కదురా అంటాడు సుక్రు. తను చేసిన పని కొడుకు ఇంకొకరి నోటి నుంచి వినడం ఆమె భరించలేకపోయింది.

"నువ్వెల్లకు. బేగి బండెక్కి సురేంద్రకి ఫోను సెయ్యి. ఆ కాయితం తొందరగా ఎయ్యమను. కొత్త నేనాపుతాను."

"ఎలాగాపుతావు?"

"ఆపుతాను" అంది.

మర్నాడు పొద్దున్నే డప్పు మోగింది. ఊరంతా ఆకుల్లో కొర్రలు పట్టుకుని దేవత రాయి దగ్గరికి నడిచింది. సత్యకుమారి కొత్త చీర కట్టుకుని, తట్ట మీద ఎర్రగుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని వెళ్లింది. రమణి వెనకాల టోపీలు పెట్టుకున్న టూరిస్టులు. ఫల్గుణ తెల్లారకుండానే మళ్లీ బండెక్కాడు. దేముడమ్మ తలుపు మూసి గడియ పెట్టుకుని, పొయ్యి ముందు కూర్చుంది.

ఎవరూ గడియ తియ్యమని బలవంతపెట్టలేరు. కట్టుబాటు అదే. రాని గడపని పిలవొచ్చు, తిట్టొచ్చు, తర్వాత తప్పు వెయ్యొచ్చు. కానీ ఆ గడప రాకుండా తట్ట మీద గుడ్డ తియ్యడానికి లేదు, కుండ పొయ్యెక్కడానికీ లేదు.

ముందు పిల్లలొచ్చి పిలిచారు. తర్వాత ఆడవాళ్లొచ్చారు. కొర్రన్నం మాట ఎత్తి బతిమాలారు, ఆపైన దెప్పారు. డొంకరాయిలో పైడయ్య ఒక్కడూ అంత హాయిగా ఎందుకుంటున్నాడో ఇప్పుడు తెలిసిందని ఒకామె అంటే మిగతావాళ్లు నవ్వారు. దేముడమ్మకి చెవులు మండిపోయాయి. ఊరు తనని వెలేస్తుందేమో. గెడ్డలో నీళ్లు పట్టుకోనివ్వరేమో. రేపు తను చస్తే మోసేవాళ్లుండరేమో. భయాలన్నీ వరసకట్టి వచ్చాయి. ఆమె పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది.

చివరికి సుక్రు కర్ర చప్పుడు వినిపించింది.

"ఆ తట్టకి కొత్త పెట్టమన్నదానివి నువ్వే కదే. ఇప్పుడు నువ్వే రాకపోతే ఏటనుకోవాల?"

ఇంత భయపడుతున్నదీ ఆ మాటకే. అదిప్పుడు ఊరందరి ముందూ పడింది. ఒంట్లో బాగాలేదంది, లోపలి నుంచే.  అంతలో తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. సత్యకుమారి.

"ఓహో, నువ్వేనా పెట్టించింది. నన్ను దించుదామని పెట్టించావు, నా కొడుక్కి పేరొత్తాదని తెలిసి నిలిపేత్తన్నావు. కడుపు మండితే అంబలి తాగి పడుకో అక్కా. నా గుంటడి మీద పొయ్యకు ఆ మంట."

దేముడమ్మ నోటి దాకా వచ్చింది. నీ గుంటడొక్కడిదే కాదే, ఆ తట్ట తిరిగేది నా గుంటడు పెట్టిన కీలు మీద అని. పళ్ల మధ్య పైట చెంగు పెట్టుకుని గట్టిగా కొరికింది. ఆ మాట అంటే ఇక్కడే, ఈ తలుపు ముందే, టూరిస్టుల ఫోన్ల ముందే తట్ట మీద గుడ్డ తీసి కీలు వెతుకుతారు. సత్యకుమారి తిట్టినవాటిలో సగం నిజం కూడా. 

ఎండెక్కింది. టూరిస్టులు విసుగొచ్చి దిగిపోయారు. కొర్ర కొత్త సంత రోజుకి వాయిదా పడింది. ఆకుల్లో కొర్రలు ఆకుల్లోనే ఇళ్లకి తిరిగొచ్చాయి. ఎర్రగుడ్డ కప్పిన తట్ట గోడ అవతలికి వెళ్లిపోయింది.

ఆ వారం దేముడమ్మతో ఎవరూ మాట్లాడలేదు. బండ దగ్గర ఆమె వస్తే పక్కకి జరిగి వీపు తిప్పుకున్నారు. సత్యకుమారి తన పెరట్లో చీపురుతో ఊడ్చినప్పుడల్లా దుమ్ము ఇటే వచ్చేది. ఫల్గుణ మాత్రం తల్లి వండింది వంక పెట్టకుండా తిన్నాడు. సుక్రు అన్న మాట వాడి చెవిన పడే ఉంటుంది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆమెకి ఎక్కువ బరువనిపించింది.

సంతకి ముందురోజు సురేంద్ర ఊరొచ్చాడు. దరఖాస్తు వేశామని, నంబరు కూడా వచ్చిందని చెప్పాడు. పేటెంటు చేతికి రావడానికి చాలా కాలం పడుతుందట, రాకపోవచ్చు కూడానట. కానీ ఇక ఊరు చూసినా, లోకం చూసినా ఫర్వాలేదట.

కొర్ర కొత్త మర్నాడు జరిగింది. తప్పు కింద ఊరందరి వంటకీ గెడ్డ నుంచి నీళ్లు మొయ్యమన్నారు దేముడమ్మని. మారు మాట్లాడకుండా మోసింది. దేవత రాయి ముందు సురేంద్ర తట్ట మీద గుడ్డ తీసి, ఫల్గుణని పక్కకి పిలిచాడు. ఇది మేమిద్దరం చేశాం, కాయితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఆ రోజు పెద్దమ్మ తలుపు తీసి ఉంటే రెండు పేర్లూ పోయేవి అన్నాడు. ఊరు దేముడమ్మ వైపు చూసింది. ఆమె బిందె దించుకునే పనిలో ఉన్నట్టు తల వంచుకుంది. 

సత్యకుమారి ముఖం చూడాలని దేముడమ్మ ఎన్నాళ్ల నుంచో కాచుకుంది. చూసింది. అది తన ముఖంలాగే ఉంది. ఉప్పు పొట్లం పట్టుకున్న రోజు తన ముఖం ఎలా ఉండి ఉంటుందో, అచ్చం అలాగే.

ఒక్కొక్కరూ వచ్చి తట్టని తాకి, పసుపు రాసి, అటూ ఇటూ తిప్పి చూశారు. వరస ఆఖరికి తోడికోడళ్లిద్దరూ ఎదురుపడ్డారు. సత్యకుమారి తట్ట అంచు తాకుతూ, కొడుకు వైపు తిరక్కుండానే అడిగింది.

"కాయితంలో ఎవరి పేరు ముందుందిరా?"

అదే మాట దేముడమ్మ నాలుక చివర ఉంది. తనకంటే ముందు ఆవిడ అడిగేసినందుకు కోపమొచ్చింది. సురేంద్ర ఫల్గుణని చూశాడు, ఫల్గుణ సురేంద్రని చూశాడు.

"రెండూ ఒకే లైన్లో ఉన్నాయమ్మా" అన్నాడు సురేంద్ర.

ఒకే లైన్లో ఉన్నా ఎవరో ఒకరిది ముందుండాలి కదా. తల్లులిద్దరూ అదే అనుకున్నారు గానీ పైకి అనలేదు.

ఆ వారమే ఫల్గుణ ఇంకో తట్ట చేసి తమ వెనక కిటికీలో బిగించాడు. జీపు కుడి అద్దం జోలికి మాత్రం పోనని ముందే ఒట్టు పెట్టించుకుంది తల్లి. సాయంత్రం దేముడమ్మ పీట వేసుకుని, మొదటిసారి ఇంట్లో కూర్చుని డొంకరాయికి ఫోను చేసింది. డ్యామ్ బాగానే ఉందన్నాడు పైడయ్య. బాగానే ఉందని ఊరికే అంటున్నాడేమోనని మళ్లీ అడిగింది. ఆ తర్వాత గొంతు పెంచి, మట్టిగోడకి వినపడేలా చెప్పింది.

"పేర్లు రాశారంట. ఫల్గుణ, సురేంద్ర అని."

గోడ అవతల పీట జరిపిన చప్పుడైంది. పెదబయలులో ఉన్న చెల్లెలితో సత్యకుమారి గొంతు అంతకంటే గట్టిగా వినపడింది.

"అవునే, ఇద్దరివీ. సురేంద్ర, ఫల్గుణ అని."